రెండూ ఎంపీ4 ఫైళ్లే, ఒకదాంట్లో బొమ్మ రావట్లేదు. ఎందుకు?

ప్రశ్న: ఒక ఫైల్ బాగానే ఆడుతోంది. రెండోదాంట్లో శబ్దం మాత్రమే, తెర నల్లగా ఉంటోంది. ఎక్స్‌టెన్షన్ మార్చి చూశా, లాభం లేదండి.

జవాబు 1: మారదు. ఎంపీ4 అనేది డబ్బా, అంతే. లోపల వీడియో హెచ్.264 కావచ్చు, హెచ్.265 కావచ్చు, ఆడియో సాధారణంగా ఏఏసీ; ఇవన్నీ కుదించే పద్ధతులు. మీ ప్లేయర్‌కి ఆడియో కోడెక్ (కుదించినదాన్ని విప్పే భాగం) ఉంది, వీడియోది లేనట్టుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరవండి. హెచ్‌ఈవీసీ అని ఉంటే అదే హెచ్.265.

జవాబు 2: హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఎన్‌కోడర్ హెచ్.264, ఆర్ఎఫ్ (నాణ్యతని నిర్ణయించే అంకె) 20 పెట్టి మార్చేయండి. ఆర్ఎఫ్ తగ్గిస్తే నాణ్యతతోపాటు సైజూ పెరుగుతుంది. అసలు ఫైల్ మాత్రం చెరపకండి, మార్చిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

ప్రశ్న అడిగినవారు: హెచ్‌ఈవీసీయే! ఇంతకీ కుదించకుండా దాచుకోలేమా?

జవాబు 1: 1920×1080 ఫ్రేమ్ ఒక్కటే, పిక్సెల్‌కి 3 బైట్ల చొప్పున, సుమారు 6.2 ఎంబీ. సెకనుకి 30 ఫ్రేములంటే దాదాపు 187 ఎంబీ. డిస్క్ ఎన్ని నిమిషాలకి నిండుతుందో మీరే లెక్కేసుకోండి :)