బట్‌కి కామా చాలు, హౌఎవర్‌కి సెమీకోలన్ ఎందుకు?

ఇంగ్లిష్ పంక్చుయేషన్ బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఫుల్‌స్టాప్‌తో పేచీ లేదు, చిక్కంతా కామా, సెమీకోలన్ దగ్గరే. 'ఐ కాల్డ్ హిమ్, బట్ హి డిడ్ నాట్ ఆన్సర్' అన్నప్పుడు కామా సరిపోతుంది. అదే బట్ తీసేసి హౌఎవర్ పెడితే దాని ముందు సెమీకోలన్, తర్వాత కామా ఉండాలట. అర్థం దాదాపు ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకు? బట్ సముచ్చయం (కంజంక్షన్), హౌఎవర్ క్రియావిశేషణం (ఆడ్వెర్బ్) అని వ్యాకరణ పుస్తకం ఒక్క ముక్కలో తేల్చేసింది. సరే, చూడగానే ఏది ఏదో పసిగట్టేదెలా? హౌఎవర్‌ని వాక్యం చివరికి జరిపినా నిలబడుతుంది, బట్‌ని అలా జరపలేం. ఈ కిటుకు దేర్‌ఫోర్, మోర్‌ఓవర్ లాంటి వాటికీ పనిచేస్తుందా? ఇంకోటి, సెమీకోలన్ బదులు ఫుల్‌స్టాప్ పెట్టేసి కొత్త వాక్యం మొదలెడితే తప్పా? నాకైతే అదే హాయి. రూల్ పేర్లు వద్దు, ఒకట్రెండు ఉదాహరణలు ఇవ్వండి చాలు.