జెర్రీమాండరింగ్‌ని తెలుగులో ‘తొండి గీత’ అందామా?

గ్రూపులో పెద్దలకీ మిత్రులకీ నమస్కారం. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రం, కేరీ అనే ఊళ్ళో. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు చాలా ఉన్నాయి. పిల్లల దగ్గర స్థిరపడి పౌరసత్వం తీసుకున్న పెద్దవాళ్ళ కోసం ఎన్నికలప్పుడు తెలుగులో రెండు పేజీల కాగితం తయారుచేసి పంచుతుంటాను. ఏ పదవికి ఎన్నిక, ఎక్కడ ఓటెయ్యాలి, వెంట ఏం తీసుకెళ్ళాలి, అంతే. పార్టీల ఊసు ఎత్తను. ఈసారి మా పక్కింటి పెదనాన్నగారు అడిగారు: “అమ్మాయ్, 2022లో ఓటేసినప్పుడు ఒక నంబరు నియోజకవర్గం అన్నారు. 2024లో ఇంకో నంబరు అన్నారు. నేను ఇల్లు మారలేదు కదా?”

ఆయన ఫోన్‌లో దీని గురించే వచ్చిన వార్తకి యంత్రం చేసిన అనువాదం ఉంది. అందులో ‘కాంగ్రెస్ జిల్లా’ అని రాసి ఉంది. ఇక్కడ కాంగ్రెస్ అంటే దేశపు చట్టసభ. కానీ కాంగ్రెస్ అంటే మనకి పార్టీ, జిల్లా అంటే కలెక్టరు ఉండే చోటు. పాపం, ఆయన ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారట. ఇక్కడి ‘డిస్ట్రిక్ట్’ని నియోజకవర్గం అనాలి, జిల్లా అనకూడదు. అది తేలిగ్గానే సరిదిద్దుకున్నాం. చిక్కంతా జెర్రీమాండరింగ్ దగ్గరే, అంటే ఒక పార్టీ తనకి లాభం కలిగేలా నియోజకవర్గాల సరిహద్దులు గీసుకోవడం.

ముందు ఆ మాట పుట్టుక చెబుతాను. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ, తన పార్టీ వాళ్ళు గీసిన సెనేట్ నియోజకవర్గాల బిల్లు మీద సంతకం పెట్టాడు. వాటిలో ఎసెక్స్ కౌంటీలోది వంకర్లు తిరిగి, ఏదో జంతువులా ఉంది. బోస్టన్ పత్రిక ఒకటి దానికి రెక్కలూ గోళ్ళూ తగిలించి బొమ్మ వేసింది. సాలమాండర్ అనే జంతువు పేరుకి గెరీ పేరు అంటించి ‘గెరీమాండర్’ అంది. గకారం తర్వాత జకారమైపోయింది. ఆ ఏడాది ఎన్నికల్లో గెరీ పార్టీకి ఎదుటి పార్టీ కంటే తక్కువ ఓట్లే వచ్చాయి. అయినా 40 సెనేట్ స్థానాల్లో 29 దానికే దక్కాయి. గవర్నర్‌గా గెరీ మాత్రం ఓడిపోయాడు. గవర్నర్ పదవికి రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం, అక్కడ గీత గీయడానికి చోటు లేదు. ఆ బిల్లు ఆయనకి ఇష్టం లేదని ఆయన అల్లుడు రాసిన జీవితచరిత్ర చెబుతుంది. గీసింది సభ, పేరు మాత్రం సంతకం పెట్టినాయనది. ఈ మాటని యథాతథంగా తెచ్చుకోవడానికి నా మనసు ఒప్పకపోవడానికి అదొక కారణం: అందులో మనిషి పేరుంది గానీ చేసిన పని లేదు.

ఆ పనేమిటో పెదనాన్నగారికి ఇలా చెప్పాను. ఒక ఊళ్ళో 50 ఓట్లు, 5 వార్డులు, వార్డుకి 10 ఓట్లు అనుకోండి. మన పక్షం 20, ఎదుటి పక్షం 30. న్యాయంగా మనకి రెండు వార్డులు రావాలి. కానీ గీసే పని మన చేతికొచ్చింది. మూడు వార్డుల్లో మనవాళ్ళు ఆరుగురు, వాళ్ళు నలుగురు ఉండేలా గీస్తాం. మిగిలిన రెండింట్లో వాళ్ళు తొమ్మిదేసి మంది, మనవాళ్ళు ఒక్కొక్కరు. కూడి చూడండి, సరిగ్గా 20, 30. మూడు వార్డులు మనవి. అదే గీత వాళ్ళ చేతికిస్తే ప్రతి వార్డులో ఆరుగురు వాళ్ళు, నలుగురు మనం. అయిదూ వాళ్ళవే. ఓటరు మారలేదు, ఓటూ మారలేదు. పంచాయతీ మారిపోయింది.

నా ప్రతిపాదన ‘తొండి గీత’. నేలమీద గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడినవాళ్ళకి ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. దొంగతనానికీ తొండికీ తేడా ఉంది. దొంగ ఆట బయటివాడు. తొండి చేసేవాడు ఆటలోనే ఉంటాడు, నియమాల పేరు చెప్పే చేస్తాడు. “గీత ఇక్కడే ఉంది, చూడు” అంటాడు. ఆ గీత గీసింది తనే. ఇంకో చిన్న సంగతి, దీన్ని వ్యుత్పత్తిగా చెప్పడం లేదు: సాలమాండర్ మన పెరళ్ళలో తిరిగే జంతువు కాదు, చూపుకి దానికి దగ్గరగా ఉండేది మన తొండ. ఆ తొండ చప్పుడు ఈ తొండిలో వినబడటం నాకు నచ్చింది.

ఈ పనిలోని రెండు మెళకువలకి కూడా మాటలు కావాలి. ఎదుటివాళ్ళని రెండు మూడు చోట్ల కిక్కిరిసేలా నింపడాన్ని ‘కుక్కడం’ అన్నాను. ఎక్కడా గెలవనివ్వకుండా తలో చోటికీ పంచడానికి ముందు ‘చీల్చడం’ అని రాసి కొట్టేశాను. మన దగ్గర ‘ఓట్లు చీల్చడం’ అంటే మూడో అభ్యర్థి చేసే పని. ఆ అర్థం గట్టిగా పాతుకుపోయింది. అందుకని ‘చెదరగొట్టడం’ అన్నాను.

చెదరగొట్టడం ఎలా ఉంటుందో చూడాలంటే మా రాష్ట్రంలోనే గ్రీన్స్‌బరోకి వెళ్ళాలి. నల్లజాతి విద్యార్థుల చదువు కోసం పుట్టిన పెద్ద విశ్వవిద్యాలయం ఒకటి అక్కడుంది, నార్త్ కరోలినా ఏ అండ్ టీ. 2016లో గీసిన పటంలో నియోజకవర్గాల సరిహద్దు ఆ ప్రాంగణం మధ్యలోంచి పోయింది. వీధికి ఈ పక్క హాస్టలు ఒక నియోజకవర్గం, ఆ పక్క హాస్టలు ఇంకోటి. ఒకే క్లాసులో కూర్చునే పిల్లల ఓటు రెండు ముక్కలై, రెండు చోట్లా మైనారిటీ అయింది. ఆ పటం గీయించిన శాసనసభ్యుడు, 13 స్థానాల్లో తమకి 10 వచ్చేలా గీయమంటున్నానని, 11 వచ్చేలా గీయడం కుదరదనే 10 అంటున్నానని సమావేశంలోనే చెప్పాడు. దాచిపెట్టిన మాటేం కాదు. రికార్డులో ఉంది.

కరీంనగర్ నుంచి ఒక సభ్యుడు: అక్కా, మా దిక్కు దీనికి మాట తయారుగనే ఉన్నది. గెట్టు జరుపుడు. పక్క చెల్కాయన ఏటేట నాగలి జరంత లోపటికి పట్టి దున్నుతడు. నాలుగేండ్లకు గెట్టు మన దిక్కు జరుగుతది. ‘ఓట్ల గెట్టు జరిపిండ్రు’ అంటే మా ఊర్ల ముసలోళ్ళకు సుత సమజైతది. తొండి అంటే పోరగాండ్ల ఆటలెక్క ఉన్నది, గింత పెద్ద అన్యాయానికి ఆ మాట సాలుతదా?

నా జవాబు: తమ్ముడూ, గెట్టు జరుపుడు విని ఒక పూటంతా మనసు మార్చుకున్నాను. అంత బాగుంది. కానీ గెట్టు జరిగితే నీ పొలం తగ్గి అతని పొలం పెరుగుతుంది. కొలిపిస్తే బయటపడుతుంది. ఇక్కడ కొలిపించినా తేలదు. నియోజకవర్గాల జనాభా సమానంగా ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. అందరి చెల్కలూ ఒకే విస్తీర్ణం. లోపల ఎవరున్నారన్నదే మోసం. పైగా గెట్టు తగాదాలో గొలుసు పట్టేది సర్వేయరు, మూడో మనిషి. మా దగ్గర గొలుసు పట్టేదీ చెల్క యజమానే. చాలా రాష్ట్రాల్లో శాసనసభే గీస్తుంది. మా రాష్ట్రంలోనైతే ఆ పటాన్ని ఆపే అధికారం గవర్నర్‌కి కూడా లేదు.

చిన్నపిల్లల మాట అన్నావు. నిజమే. కానీ తొండి అన్నప్పుడు చిన్నపిల్లలకి వచ్చే కోపం చూడు. ఓడిపోయినందుకు ఏడవరు, తొండికి ఏడుస్తారు. ఆ కోపం మాటలో ఉండాలనే నా పట్టు.

తెనాలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు: అమ్మా, మాట ముచ్చటగానే ఉంది గానీ పత్రికలో రాయడానికీ, పాఠంలో చెప్పడానికీ కాస్త గంభీరమైనది కావాలి. ఆకారం వంకరగా ఉండటమే దీని లక్షణం కదా. ‘వక్ర విభజన’ అంటే ఎలా ఉంటుంది?

నా జవాబు: మాస్టారూ, మీరు సూచించారంటే ఆలోచించకుండా కాదనను. అయితే ఆ బొమ్మ వల్ల రెండు వందల ఏళ్ళుగా అందరం వంకరనే పట్టుకున్నాం. ఇలినాయ్‌లో, షికాగోలో 1990లలో ఒక నియోజకవర్గం గీశారు. పటంలో చూస్తే రెండు చెవులకీ పెట్టుకునే చలి టోపీలా ఉండేది, రెండు ముద్దలు, మధ్యన హైవే వెంట సన్నని తీగ. అంత వంకరగా గీసింది విడివిడిగా ఉన్న రెండు లాటినో పేటలని కలిపి, వాళ్ళకీ ఒక ప్రతినిధి ఉండాలని. వంకర ఉంది, తొండి ఉందనలేం. ఇక నేను చెప్పిన ఊళ్ళో ఆ అయిదు వార్డులనీ చక్కటి చతురస్రాలుగా గీసి కూడా తొండి చెయ్యొచ్చు. ఈ రోజుల్లో కంప్యూటరు వేల పటాలు గీసి చూపిస్తుంది. వాటిలో చూడముచ్చటగా ఉన్నదాన్ని ఎంచుకుంటే సరి. వక్రత కంటికి కనబడేది, తొండి లెక్కలో తేలేది.

గాంభీర్యం కావాలంటే ‘పక్షపాత పునర్విభజన’ అని పాఠంలో రాసి, పక్కన తొండి గీత అని చెప్పవచ్చేమో. దీనికి అభ్యంతరం లేదు.

అనంతపురం నుంచి ఒక సభ్యురాలు: అక్కా, పునర్విభజన అని మన పేపర్లలో రోజూ చూస్తాండాం. జనాభా పెంచుకోనందుకు దక్షిణాది సీట్లు తగ్గిపోతాయంటాండారు. అది కూడా ఈ తొండేనా?

నా జవాబు: చెల్లీ, అది వేరే తగువు. దాన్ని దీనితో కలపకపోతేనే మంచిదనుకుంటాను. లోక్‌సభలో ఏ రాష్ట్రానికెన్ని సీట్లన్నది 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేశారు. ఆ తాళం తీస్తే ఎవరి బరువెంత అన్నది మీరంటున్న చర్చ. అది సంఖ్య గొడవ. అందులో న్యాయాన్యాయాలు చాలా ఉన్నాయి, నాకూ అభిప్రాయముంది, కానీ అది రాష్ట్రాల మధ్య పంపకం. గీత గొడవ రాష్ట్రం లోపలిది. మల్కాజిగిరి చూడండి, 2019 నాటికే ఓటర్లు 30 లక్షలు దాటారు. అక్కడ ఒక ఓటు విలువ పల్చబడింది, నిజం. కానీ అది ఎవరో కుక్కిన జనం కాదు, నగరం పెరిగి నిండిన జనం.

మన దేశంలో గీతలు గీసేది సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారి అధ్యక్షతన ఉండే కమిషన్. ఆ గీతల మీద అనుమానాలు రావని కాదు, వస్తాయి, అడగాలి కూడా. అయినా గీసేవాడు ఆ సీటుకి పోటీదారు కాడు. ఆ ఒక్క తేడా కోసం ఇక్కడ దశాబ్దాలుగా కొట్లాడుతున్నారు. ప్రతి పునర్విభజననీ తొండి అనేస్తే, నిజంగా తొండి జరిగిన రోజున అనడానికి మాట మిగలదు.

కరీంనగర్ సభ్యుడు: అక్కా, మరి కోర్టులకు పోతే?

నా జవాబు: పోయారు, తమ్ముడూ. మా రాష్ట్రం పటమే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2019లో ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఇది ప్రజాస్వామ్య సూత్రాలకి సరిపడదని ఒప్పుకుంటూనే, పార్టీల లాభం కోసం గీసిన గీతల తగువు ఫెడరల్ (కేంద్ర) కోర్టులు తీర్చేది కాదన్నారు. అదే తీర్పు మేరీలాండ్‌లో ఇంకో పార్టీ గీసుకున్న పటానికీ వర్తించింది. తొండి ఒక్క పార్టీ సొత్తు కాదు. తర్వాత 2022లో మా రాష్ట్ర సుప్రీంకోర్టు శాసనసభ గీసిన పటాన్ని కొట్టేసింది. ఆ ఏడాది కోర్టు చేయించిన పటంతో ఓటేస్తే, అప్పటికి 14 అయిన సీట్లు రెండు పార్టీలకీ ఏడూ ఏడూ వచ్చాయి. కోర్టులో న్యాయమూర్తులు మారారు, 2023లో తీర్పూ తిరగబడింది, శాసనసభ మళ్ళీ గీసింది. 2024లో అదే రాష్ట్రంలో పదీ నాలుగూ. మా పెదనాన్నగారి ఇల్లు ఒక నంబరులోంచి ఇంకో నంబరులోకి వెళ్ళింది ఆ మధ్యలోనే.

నిన్న సాయంత్రం కాగితం చిత్తుప్రతి ఆయనకి చూపించాను. “2023లో శాసనసభ నియోజకవర్గాలను మళ్ళీ గీసింది. అందుకే మీ నంబరు మారింది. గెలిచే పక్షం తనకు వీలుగా ఇలా గీయడాన్ని తొండి గీత అంటారు” అని రాశాను. తొండి దగ్గర నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని పెన్ను అడిగారు. మొదటి వాక్యంలో ‘గీసింది’ కొట్టేసి, పైన ‘గీసుకుంది’ అని రాసిచ్చారు.