గుర్తుచేసుకున్న జ్ఞాపకం చెరిగిపోతుందా, దాన్ని చేరే దారి మూసుకుపోతుందా?

న్యూరోసైన్స్ తెలిసినవారి సాయం కావాలి. 2000లో నాదర్, షేఫ్, లెడూ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు ఒక శబ్దంతో పాటు షాక్ ఇచ్చి భయం నేర్పారు. మర్నాడు ఆ శబ్దం వినిపించి, వెంటనే మెదడులో భయానికి కీలకమైన అమిగ్డలాలోకి అనిసోమైసిన్ ఎక్కించారు. అది ప్రొటీన్ల తయారీని ఆపే మందు. తర్వాతి పరీక్షలో భయం బాగా తగ్గింది. శబ్దం వినిపించకుండా ఇచ్చినా, వినిపించిన 6 గంటలకు ఇచ్చినా తగ్గలేదు. అంటే గుర్తుకొచ్చిన జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది, మళ్లీ గట్టిపడాలంటే కొత్త ప్రొటీన్లు కావాలి.

చిక్కల్లా 2015లో శాస్త్రవేత్త టొనెగావా బృందం ఫలితాలతోనే. ఒక గదిలో షాక్‌తో భయం నేర్చుకున్న వెంటనే అనిసోమైసిన్ ఇచ్చిన చిట్టెలుకలు మామూలు పరీక్షలో పెద్దగా భయపడలేదు. కానీ మెదడులోని డెంటేట్ గైరస్‌లో, నేర్చుకునేటప్పుడు పనిచేసిన కణాలను నీలి కాంతితో ప్రేరేపిస్తే భయంతో కదలకుండా బిగుసుకుపోయాయి. ఆ కణాలను ఇతర కణాలతో కలిపే సినాప్స్‌లు బలపడనేలేదు మరి!

అనుభవం కణాల మధ్య అల్లికలోనే ఉంటే, సినాప్స్ బలం పని దాన్ని బయటికి తీయడమేనా? ఇంకొకటి, ఇదే ముఖ్యం: బిగుసుకుపోవడాన్ని మాత్రమే కొలిస్తే ఉత్త భయం తిరిగొచ్చిందో, ఏ గది, ఏ వాసన అన్న వివరాలు కూడా వచ్చాయో ఎలా తేల్చాలి? ఈ రెంటినీ విడదీసే పరీక్ష ఎలా ఉండాలి, పోలిక కోసం కంట్రోల్ గుంపులు ఏవి పెట్టాలి? దయచేసి వివరంగా చెప్పండి.