చిన్న తాళంకప్పని గట్టిగా చేయాలంటే ఏం మార్చాలి? (డిప్లొమా ప్రాజెక్టు)

బెజవాడ_మెకానికల్:

నమస్తే అందరికీ. నేను డిప్లొమా మెకానికల్ ఫైనలియర్. ప్రాజెక్టుకి మా బ్యాచ్‌లో అందరూ సోలార్ డ్రయ్యరు, పెడల్ పంపు అంటూ సీనియర్ల రిపోర్టులకే దుమ్ము దులుపుతుంటే నేను చిన్న తాళంకప్ప మీద చేస్తానన్నా, మా సార్ నవ్వి సరే కానీ అన్నారు. తాళమే ఎందుకంటే, ఆరో క్లాసు నుంచి పది దాకా హాస్టల్లో చదివా, అందరికీ తలా ఒక రేకు ట్రంకుపెట్టె, దానికో 30 మి.మీ. ఇత్తడి తాళం. మాలో ఒకడు కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి ఆ ముక్క జేబులో పెట్టుకు తిరిగేవాడు, దాంతో ఎవరి పెట్టైనా తెరిచేసేవాడు, డబ్బులు మాత్రం ముట్టుకునేవాడు కాదు, సున్నుండలు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, అంతే. ఇంకో విచిత్రం, నా తాళంచెవి పక్క మంచం వాడి తాళానికి కూడా పట్టేది, ఈ సంగతి ఏడాది తర్వాత గానీ మాకు తెలీలేదు.

పోయిన వారం అదే సైజుది ఒకటి కొని హాక్సా బ్లేడుతో నిలువునా కోసి చూశా. లోపల నాలుగు పిన్నులున్నాయి, అంటే చెవి పళ్ళు సరైన ఎత్తుకి నెడితేనే తాళం తిరగనిచ్చే చిన్న పుల్లలు. ఒక్కో పిన్నుకి ఐదు ఎత్తులు వేసుకుంటే 625 రకాల చెవులు వస్తాయి, అదే బాడీలో ఆరు పిన్నులు ఇరికిస్తే 15,625, అంటే 25 రెట్లు. ఇదే నా ఐడియా. కానీ గీసి చూస్తే పిన్నుకీ పిన్నుకీ మధ్య గోడ మరీ పల్చగా అయిపోతోంది. పిన్నులు సన్నం చేయాలా, బాడీ పొడుగు చేయాలా? వెడల్పు 30 దాటకూడదు, బడ్జెట్ మూడు వేలు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కోఠి_తాళాలాయన:

తమ్మీ, మా నాయన కాలం నుంచి మాది తాళాల పనే, రోడ్డు మీద పెట్టె పెట్టుకుని కూసుంటం. నీ లెక్క మంచిగనే ఉన్నది గానీ ఒక్క మాట చెప్పు, ఆ టిన్ను ముక్క పిలగాడు నీ పిన్నుల జోలికి పోయిండా? పోలే. ఆరు కాదు అరవై పిన్నులు పెట్టినా వాడు సున్నుండలు తినేటోడే.

నువ్వు కోసిన తాళాన్నే మళ్ళా ఒకసారి చూడు. పైన వంపు కడ్డీ ఉంటది గదా, మీ భాషల షాకిల్, దానికి ఒక్క కాలుకే చిన్న గాడి ఉంటది, ఆ గాడిల స్ప్రింగు మీద ఒక చిలుకు వచ్చి కూసుంటది. అందుకే చెవి లేకున్నా నొక్కితే టక్కున పడతది. నొక్కుతే వెనక్కి పోయే చిలుకును రేకు ముక్క కూడా వెనక్కి నూకుతది, స్ప్రింగుకు ఏం తెలుసు చెవి ఏదో రేకు ఏదో. పిన్నులు గట్లనే ఉంటయ్, తాళం తెరుచుకుంటది.

చెవులు కలిసే ముచ్చట అంటవా, అది మాకు రోజూ ఉండేదే. సస్తా మాల్ డజను డబ్బా తెస్తే అందుల రెండిటికి ఒకటే చెవి పట్టుడు నేను మస్తు సార్లు చూసిన. 625 అనేది కాగితం మీద లెక్క. అన్ని పిన్నులు ఒకే ఎత్తున్న చెవులు చేయరు, పక్కపక్క పిన్నులు మరీ ఎత్తుపల్లాలుంటే చెవి ఇరుక్కుంటది కాబట్టి అవీ తీసేస్తరు, ఇగ రంధ్రాలు లూజుగ ఉంటే ఒక మెట్టు తేడా ఉన్న చెవి కూడా జర ఊపితే తిరుగుతది. పిన్నులు పెంచేకంటే ముందుగల ఉన్న నాలుగింటికి కరెక్టు ఫిట్టింగు ఇయ్యి, దాంతోనే సగం పని అయితది.

ఇంకోటి. కొన్ని తాళాలల్ల పిన్నుల బదులు చెవి లేపే రేకులుంటయ్, వాటినే లివర్లంటరు, పైన 7 లివర్లు అని కొట్టి ఉన్న తాళం ఇప్పి చూస్తే లోపల నాలుగే ఉన్నయి, నా చేతులతోనే ఇప్పిన. కంపెనీ పేరు చెప్పను, అసలు కంపెనీదో నకిలీదో కూడా తెల్వదు. నంబరు చూసి కొనకుర్రి. లివర్ల తాళం అసలు పనితనం చూడాలంటే తమిళనాడు దిండిగల్‌వి చూడు, చేతితోని చేస్తరు, 2019ల జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని సర్కారు ఇచ్చే గుర్తింపు, అది కూడా ఇచ్చిండ్రు. కాకుంటే అవి పెద్దగ బరువుగ ఉంటయ్, నీ ట్రంకుకు ఎక్కువ.

డాలస్_బాబాయ్:

మంచి టాపిక్. ఇక్కడ అమెరికాలో సూట్‌కేసులకి వాడే చిన్న తాళాలున్నాయే, ఎర్రటి వజ్రం గుర్తు ఉండేవి, వాటిని ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ వాళ్ళు తెరవడానికి మాస్టర్ చెవులుంటాయి. 2014లో వాషింగ్టన్ పోస్ట్ కథనంలో ఆ చెవుల గుత్తి ఫోటో వేశారు, మరుసటి ఏడాదికల్లా జనం ఆ ఫోటో చూసి త్రీడీ ప్రింటర్‌లో చెవులు చేసేసుకున్నారు. ఇండియాలో కొనే సూట్‌కేసుల మీద కూడా ఇవే వస్తున్నాయి, చాలామందికి ఆ గుర్తు ఏంటో కూడా తెలీదు, లాక్ వేశాం కదా అని బంగారం పెట్టేస్తారు. మూడంకెల నంబరు తాళం కూడా అంతే, మొత్తం వెయ్యి నంబర్లే, నంబరుకి రెండు సెకన్లు వేసుకున్నా అరగంట పైన మూడు నిమిషాలకి అన్నీ అయిపోతాయి. నా సలహా, మెకానికల్ వదిలేసి బ్లూటూత్ తాళం చెయ్యి, రెజ్యూమేలో కూడా బాగుంటుంది.

ఆటోనగర్_లేత్:

బాబాయ్ గారూ, ట్రంకుపెట్టెకి బ్లూటూత్ ఎందుకండీ, హాస్టల్లో ఫోనే ఉండనివ్వరు. బ్యాటరీ అయిపోతే పిల్లాడు పెట్టె పట్టుకుని ఏడవాలి.

తమ్ముడూ, కోఠి అన్న చెప్పింది వందకి వంద కరెక్టు. నేను లేత్ వర్క్ చేస్తా, ఇలాంటివి కొన్ని చేయించుకోడానికి మా దగ్గరికి వస్తుంటారు కాబట్టి చేసేవాడి వైపు నుంచి చెప్తా. మొదట నువ్వు చేసే పొరపాటు ఏంటంటే కడ్డీ తిరిగే రంధ్రం టైటు చేస్తే రేకు దూరదులే అనుకుంటావు, నేనూ అలాగే అనుకున్నా. టిన్ను రేకు మందం 0.1 మి.మీ. చుట్టుపక్కలే ఉంటుంది, నువ్వు అంతకన్నా టైటు చేస్తే నాలుగు రోజుల్లో దుమ్ము పట్టి కడ్డీ పైకి రాదు. కాబట్టి సందు మూయడం కాదు, చిలుకే మార్చాలి.

స్ప్రింగు చిలుకు తీసేసి రెండు బేరింగు గుళ్ళు పెట్టు. షాకిల్ రెండు కాళ్ళకీ లోపలి వైపు గుండ్రటి గాడి, మధ్యలో చెవితో తిరిగే ఒక క్యామ్, అంటే ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం ఉండే ముక్క. తాళం పడినప్పుడు క్యామ్ వెడల్పు భాగం గుళ్ళ వెనకాల అడ్డంగా నిలబడుతుంది, ఇక గుండు వెనక్కి పోవడానికి చోటే ఉండదు, రేకు పెట్టి నొక్కినా ఎక్కడికి పోతుంది? చెవి తిప్పితే క్యామ్ సన్నటి భాగం వస్తుంది, గుళ్ళు లోపలికి జరుగుతాయి, కడ్డీ లేస్తుంది. ఇంకో లాభం, రెండు కాళ్ళూ పట్టుకుంటాయి, ఇప్పుడు నీ దగ్గరున్నదాంట్లో ఒక కాలే పట్టుకుంది, అందుకే సుత్తితో పక్కనుంచి ఒక్కటి వేస్తే ఊడొస్తుంది. గుళ్ళ కోసం ఎక్కడికో పోవద్దు, సైకిల్ షాపులో ముందు చక్రం హబ్బుకి వేసేవి 3/16 అంగుళం, అంటే 4.76 మి.మీ., గుప్పెడు ఇస్తాడు. నొక్కితే పడేలా కూడా చేయొచ్చు కానీ క్యామ్‌కి మళ్ళీ స్ప్రింగు కావాలి, పార్ట్స్ పెరుగుతాయి, ప్రాజెక్టుకి చెవి తిప్పితేనే పడేలా పెట్టుకో. అప్పుడు తాళం వేసేదాకా చెవి బయటికి రాదు కాబట్టి చెవి పెట్టెలో పెట్టి తాళం నొక్కేసే గొడవ కూడా పోతుంది.

కడ్డీ 5 నుంచి 6 మి.మీ. చెయ్యి. ఒక్క మి.మీ.కి ఏమొస్తుంది అనుకోకు, కత్తెర వేసే వాడికి అడ్డొచ్చే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, మెలిపెట్టి తెంపేవాడికైతే వ్యాసం మూడో ఘాతం లెక్క కాబట్టి 73 శాతం దాకా. హార్డెనింగ్ చేయించు కానీ లోపలి దాకా చేయించకు, గాజులా అయిపోయి సుత్తి దెబ్బకి పుటుక్కున విరుగుతుంది, పైపొర మాత్రం గట్టిగా ఉండి లోపల సాగే గుణం ఉండాలి, కేస్ హార్డెనింగ్ అని అడిగితే హీట్ ట్రీట్‌మెంట్ వాళ్ళకి అర్థమవుతుంది.

బాడీ విషయం అసలైంది. ఇత్తడి దిమ్మలో అన్ని రంధ్రాలు వంకర లేకుండా వేయాలంటే నీ మూడు వేలు మొదటి రెండు పీసులకే అయిపోతాయి. 1920ల్లో అమెరికాలో మిల్వాకీ ఊళ్ళో హ్యారీ సోరెఫ్ అనే ఆయన ఒక పని చేశాడు, ఉక్కు రేకులు ప్రెస్సులో ఒక్కో షేపులో కొట్టి, దొంతరగా పేర్చి రివిట్లు బిగించాడు, ఇప్పుడు మాస్టర్ లాక్ అంటే తెలిసిందే కదా, ఆ కంపెనీ ఆయనదే. నీకూ అదే దారి. 2 మి.మీ. షీటు లేజర్ కటింగ్‌కి ఇవ్వు, ఒక్కో పొరలో ఎక్కడ ఖాళీ కావాలో అక్కడే ఖాళీ వస్తుంది, లోపల గుళ్ళకీ క్యామ్‌కీ గదులు అవే ఏర్పడతాయి, డ్రిల్లింగే అక్కర్లేదు. మధ్యలోకి పిన్నుల సిలిండరు మాత్రం బజార్లో రెడీమేడ్‌ది తీసుకో, అది నువ్వు చేయలేవు, నేనూ చేయలేను.

సీతమ్మధార_పిన్ని:

మీరంతా తాళం గురించే మాట్లాడుతున్నారు గానీ బాబూ, నేను ఇరవై ఆరేళ్ళు గర్ల్స్ హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను, నేను చూసిన పెట్టెల్లో తాళం పగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊడేది గొళ్ళెం. ట్రంకు గొళ్ళెం ఎంత ఉంటుందమ్మా, పల్చటి రేకు, రెండు అల్యూమినియం రివిట్లు, చెంచా కాడ పెట్టి పైకి లేపితే తాళంతో సహా మొత్తం చేతిలోకి వస్తుంది, మళ్ళీ నొక్కేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. మా దగ్గర ఒక పిల్ల తండ్రి లారీ మెకానిక్కు, ఆయన వచ్చి రివిట్లు తీసేసి లోపలి వైపు ఒక పట్టీ పెట్టి బోల్టులు బిగించి వెళ్ళాడు, నట్లు లోపల, బోల్టు తల బయట. ఆ పిల్ల పెట్టె జోలికి ఐదేళ్ళు ఎవరూ వెళ్ళలేదు. నీ ప్రాజెక్టులో గొళ్ళెం కూడా కలుపు.

ఇంకో సంగతి. మాది వైజాగు, ఉప్పుగాలి. తెరిచినవాళ్ళ వల్ల కన్నా తెరుచుకోకపోవడం వల్లే మాకు ఎక్కువ బాధ. సెలవుల తర్వాత వచ్చేసరికి తాళం బిగుసుకుపోయి పిల్లలు చెవి విరగ్గొట్టుకునేవాళ్ళు. అందరం కొబ్బరినూనె పోసేవాళ్ళం, ఆ రోజుకి పనిచేసేది, తర్వాత దుమ్ము పట్టి జిడ్డు ముద్దయ్యేది. తర్వాత ఎవరో చెప్తే పెన్సిల్ ములుకు చెక్కి ఆ పొడి చెవికి రాసి తిప్పడం మొదలుపెట్టాం, చాలా నయం. మరి ఉక్కు రేకుల దొంతర అంటున్నారు, మా ఊళ్ళో అది ఒక వానాకాలం ఉంటుందా?

ఆటోనగర్_లేత్:

పిన్నిగారూ, కరెక్టు పాయింటు, నేను బెజవాడ లెక్కలో ఆలోచించా. పొరల మధ్య నీళ్ళు నిలుస్తాయి. షీట్లకి జింక్ ప్లేటింగ్ చేయించి, అడుగు పొరలో నీళ్ళు కారిపోవడానికి చిన్న రంధ్రం పెట్టాలి. స్టెయిన్‌లెస్ కూడా పెట్టొచ్చు కానీ రేటు ఎక్కువ.

కోఠి_తాళాలాయన:

రంధ్రం పెట్టు గానీ చెవి రంధ్రానికి దూరంగ పెట్టు, క్యామ్ కిందికి సూటిగ రావొద్దు. లేకుంటే ఆ రంధ్రంల నుంచి తీగ పెట్టి క్యామ్‌నే తిప్పుతడు. పోయినేడు ఒక తాళం చూసిన, అంతా మంచిగ చేసి నీళ్ళ రంధ్రం సరిగ్గ అక్కడ్నే పెట్టిండు.

అక్కా, పెన్సిల్ ముచ్చట నూటికి నూరు పాళ్ళు నిజం. నా దగ్గరికి వచ్చే బిగుసుకున్న తాళాలల్ల సగం నూనె తాగినవే.

బెజవాడ_మెకానికల్:

అందరికీ చాలా థాంక్స్, ఆరు పిన్నుల డ్రాయింగు చింపేశా. నిన్న ఆ కోసిన తాళం మళ్ళీ పట్టుకుని చూస్తే కోఠి అన్న చెప్పినట్టే ఎడమ కాలుకి గాడే లేదు, ఊరికే రంధ్రంలో నిలబడి ఉందంతే, ఇన్ని రోజులు నేను పిన్నులే చూస్తూ అది చూడనే లేదు. మా అమ్మ ట్రంకుపెట్టె కూడా అటక మీంచి దించా, పిన్నిగారు చెప్పినట్టు చెంచాతో లేపితే గొళ్ళెం రివిట్లు లేచిపోయాయి, అమ్మ తిట్టింది, అది నేనే బాగుచేయాలంట.

ఇప్పుడు ప్లాన్ ఇది: 2 మి.మీ. షీట్లు, 6 మి.మీ. కడ్డీ, సైకిల్ గుళ్ళు రెండు, నాలుగు పిన్నుల రెడీమేడ్ సిలిండరు, చెవి తిప్పితేనే పడేది. ఒక్క డౌటు. గుండు 4.76, దాన్ని సగం దాకా దింపాలంటే కడ్డీలో 2.4 లోతు గాడి కొట్టాలి, 6లో అంత పోతే మిగిలేది 3.6 మాత్రమే, మనం లావు చేసిందంతా అక్కడ పోతుంది కదా?

ఆటోనగర్_లేత్:

సగం దాకా ఎందుకు దింపడం, 1.5 లోతు చాలు, 4.5 మిగులుతుంది. గుండు వెనక క్యామ్ కదలకుండా నిలబడితే గాడి లోతు తక్కువైనా జారదు. కత్తెర వేసేవాడు ఎలాగూ బాడీ లోపలికి రాలేడు, ఆ సన్నటి చోటు మీద పడేది లాగుడు బలం ఒక్కటే. గాడి అంచులు మాత్రం పదునుగా వదలకు, గుండ్రంగా రావాలి, లేకపోతే హార్డెనింగ్‌లో అక్కడే పగులు మొదలవుతుంది. డ్రాయింగు ఇక్కడ పెట్టు, లేజర్‌కి ఇచ్చే ముందు నేను ఒకసారి చూస్తా, అట్టముక్కలతో ముందు ఒక మోడల్ పేర్చుకో, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

సీతమ్మధార_పిన్ని:

ముందు అమ్మ పెట్టె గొళ్ళెం బిగించు నాన్నా, నట్లు లోపలికి రావాలి, గుర్తుంచుకో.