నాష్‌విల్‌లోని ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ గురించి ఎవరైనా చెబుతారా?

వశిష్ఠతీరం:
నమస్కారం. మాది రాజోలు దగ్గర లంక గ్రామం. అబ్బాయి ఉద్యోగం నాష్‌విల్‌లో. ఈసారి మేం వెళ్ళినప్పుడు ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ చూపిస్తానంటున్నాడు. పల్లె సంగీతపు రేడియో కార్యక్రమమట, హాల్లో కూర్చుని చూడాలట. రేడియోను చూడడమేమిటో మావారికి అంతుపట్టడం లేదు. దాని కథ తెలిసినవారు చెప్పండి.

పాతరేడియో:
అమ్మా, నేను అమలాపురంలో రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. నా ధోరణిలో చెబుతాను.

ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేసే రేడియో కేంద్రం పేరు డబ్ల్యూఎస్‌ఎం. 1925 అక్టోబరులో ఒక బీమా కంపెనీ పెట్టింది. ఆ ఏడాది నవంబరు 28 రాత్రి అంకుల్ జిమ్మీ థాంప్సన్ అనే 77 ఏళ్ళ పెద్దాయన మైకు ముందు ఫిడేలు వాయించాడు. కార్యక్రమం పుట్టింది అప్పుడే. నడిపించినవాడు జార్జ్ హే. షికాగోలో ఇలాంటి కార్యక్రమమే నడిపి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళకే ‘ముసలి జడ్జి’నని చెప్పుకొనేవాడు. బుర్రకథలో హాస్యం చెప్పడానికి సరిపోయే మనిషి.

పేరు 1927లో వచ్చింది. ఓ రాత్రి దీనికి ముందు ప్రసారమయ్యే శాస్త్రీయ సంగీత కార్యక్రమంలో, ఆ సంగీతంలో వాస్తవికతకు చోటు లేదంటూనే రైలు పరుగును తలపించే ముక్క ఒకటి వినిపించారట. వెంటనే హే, మా దగ్గర ఉండేదంతా వాస్తవికతేనని డిఫోర్డ్ బెయిలీని పిలిచాడు. బెయిలీ మౌతార్గాన్‌తో రైలు కూత, చక్రాల చప్పుడు దింపేశాడు. ఇంతవరకు విన్నది ‘గ్రాండ్ ఒపేరా’, ఇకపై వినేది ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ అన్నాడు హే. ఒపేరా అంటే పెద్ద హంగుల పాశ్చాత్య సంగీత నాటకం, ‘ఓప్రీ’ దానికి పల్లెటూరి పలుకు. ఆ వెక్కిరింపే స్థిరపడిపోయింది.

ఈ బెయిలీ నల్లజాతి కళాకారుడు, తొలినాళ్ళ తారల్లో ఒకడు. 1941లో తీసేశారు. తర్వాత బూట్లు పాలిష్ చేసి బతికాడు. కంట్రీ సంగీత (అదే ఈ పల్లె సంగీతం) ప్రముఖుల్లో చేర్చింది 2005లో, ఆయన పోయిన ఇరవై ఏళ్ళు దాటాక. ఓప్రీ వైభవం చెప్పేవాళ్ళు ఈ ముక్క దగ్గర గొంతు తగ్గిస్తారు. నాకది నచ్చదు.

ఇక నా విద్య. 1932లో 50 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు, 878 అడుగుల టవరు పెట్టారు. మన విజయవాడ కేంద్రంలాగే మీడియం వేవ్. విజయవాడది 837 కిలోహెర్ట్జ్, దీనిది 650. పగటిపూట ఈ తరంగాలను ఆకాశంలో ఒక పొర మింగేస్తుంది. చీకటి పడ్డాక ఆ పొర పోయి, ఇంకా పైనున్న పొరకు తగిలి వందల మైళ్ళ అవతల దిగుతాయి. మన ఇళ్ళల్లో రాత్రిళ్ళు స్టేషన్లు ఒకదానిమీద ఒకటి పడి ఈలలు వేసేవి గుర్తుందా? రేడియోను పెట్టెతో సహా పక్కకు తిప్పితే, తరంగాలను అందుకునే లోపలి ఫెర్రైటు కడ్డీ దిశ మారి ఒకటి అణగి ఇంకొకటి తేలేది. అక్కడ మాత్రం రాత్రిపూట 650 మీదకు మరొకరు రాకుండా ప్రభుత్వమే కట్టడి చేసింది. శనివారం రాత్రి ఎన్నో రాష్ట్రాలు వినేవి. తర్వాత బీమా ఏజెంటు తలుపు తట్టి ఓప్రీ పేరెత్తితే చాలు, లోపలికి రమ్మనేవారు.

వినడంతో ఆగక జనం చూడడానికి ఎగబడ్డారు. 1943లో రైమన్ హాలుకు, 1974లో ఇప్పటి హాలుకు మారారు. మీవారికి ఆ మాట చెప్పండి.

కాకినాడ_వీణ:
మనకు మాత్రం ముడిసరుకు తక్కువా? మా కాకినాడ వింజమూరి అనసూయ, సీత పల్లెపదాలను రేడియోకూ కచేరీకీ ఎక్కించారు. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారిలాంటివారు విజయవాడ కేంద్రానికి దొరికారు. అయినా మన రేడియో పడవపాటను స్టూడియో తలుపులు మూసి పాడించింది. ఈల వేసేవాళ్ళు, మళ్ళీ పాడమనేవాళ్ళు ఎదురుగా లేని పాట ఎంతకని నిలుస్తుంది? అమ్ముకోవలసిన పాలసీ లేదు కనుక ఒక రాత్రంతా పల్లెపాటకు ఇవ్వాలన్న తొందరా లేకపోయింది.

వశిష్ఠతీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ హాలు వరదలో మునిగిందని కూడా అబ్బాయి అన్నాడు. నిజమేనా అండీ?

పాతరేడియో:
నిజమే. 2010 మేలో కంబర్లాండ్ నది పొంగి వేదిక మీద నాలుగడుగుల దాకా నీళ్ళు నిలిచాయి. రైమన్ వేదిక నుంచి కోసి తెచ్చిన ఆరడుగుల ఓక్ చెక్క వలయం ఒకటి ఆ వేదిక నడుమ పొదిగి ఉంటుంది. గాయకులు దాని మీద నిలబడి పాడతారు. అదీ మునిగితే బాగుచేసి మళ్ళీ బిగించారు. ఈలోగా వేరే హాళ్ళలో కార్యక్రమం ఆపకుండా నడిపారు. మన 1986 గోదావరి వరద తర్వాత నా దుకాణానికి వచ్చిన రేడియోలకు చెక్క పెట్టెలు ఉబ్బి, స్పీకరు కాగితం చేతికి అంటుకుని ఊడివచ్చేది. కొన్నింటిని అలాగే తిరిగి ఇచ్చేశాను.

అబ్బాయిని నాష్‌విల్ దగ్గరి బ్రెంట్‌వుడ్ వైపు కూడా తీసుకువెళ్ళమనండి. 1932 నాటి టవరు అక్కడ ఇంకా ఉంది. నడుము లావుగా, పైకీ కిందికీ సన్నగా ఉంటుంది. అడుగున పింగాణీ ఇన్సులేటరు కనబడేలా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.