జేజినాయన నక్షత్రం వెనక ‘ఎస్ అండ్ ఎం’ అంటే ఏంది?

ప్రొద్దుటూరు నుంచి
మా జేజినాయన రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా పోయొచ్చినాడు. ఇంట్లో మిగిలింది ఆరు మూలల నక్షత్రం పతకం ఒక్కటే. మా జేజి చింతపండుతో తోమీ తోమీ ముందువైపు అక్షరాలు అరిగిపోయినాయి. వెనక మాత్రం ఒక నంబరు, ‘ఎస్‌పీఆర్’, ఆయన పేరు, చివర ‘ఎస్ అండ్ ఎం’ అని గుద్ది ఉంది. అది సుబేదార్ మేజర్ అని మా నాయన అందరికీ చెప్తాడు. ఊర్లో మాది సుబేదారోళ్ల ఇల్లు. ఏ ఆఫీసుకు పోయినా డిశ్చార్జ్ పుస్తకం అడుగుతారు, దాన్ని ఎప్పుడో చెదలు తినేసినాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైట్లో వెతికితే పేరే లేదు. ఆయన సైన్యం వివరాలు తెలుసుకునేదానికి ఇంక దారి లేదా?

రిటైర్డ్ హవల్దార్, కర్నూలు
అందులో పేరు లేకపోతే సంతోషపడాల తమ్ముడూ! అది చనిపోయినవాళ్ల జాబితా. ఎస్‌పీఆర్ అంటే సాపర్, సిపాయి హోదానే. ఎస్ అండ్ ఎం అంటే సాపర్స్ అండ్ మైనర్స్, సైన్యంలో వంతెనలు, దారులు వేసే ఇంజనీరింగ్ దళం. సుబేదార్ మేజర్ కాదు, ఏమనుకోవద్దు. అప్పట్లో మద్రాసు, బెంగాల్, బొంబాయి అని మూడు ఉండేవి. మనవైపు వాళ్లయితే ముందు మద్రాసుదే చూడాల. ఇప్పుడది బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. అక్కడి రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయి. ఒకే పేరుతో ఎందరో ఉంటారు, నంబరే ముఖ్యం.

అనంతపురం నుంచి
ఆయన కంపెనీ, అంటే సైన్యంలో ఆయన దళం, ఏదో తెలిస్తే దాని వార్ డైరీ చూడొచ్చు. బర్మావి లండన్‌లో, క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో, డబ్ల్యూవో 172 వరసలో ఉన్నాయి. సాపర్ల పేర్లు దొరుకుతాయని ఆశపడొద్దు, ఎక్కువగా ఆఫీసర్ల పేర్లే. కానీ కంపెనీ ఏ రోజు ఎక్కడుంది, ఏ వంతెన పని చేసింది అన్నది రాసుంటుంది. కడపను పాత ఇంగ్లిష్ స్పెల్లింగుతో కూడా వెతుకు: సీ యూ డబుల్ డీ ఏ పీ ఏ హెచ్.

ప్రొద్దుటూరు నుంచి
నిన్న రాత్రి నాయనకు చెప్పినా. నక్షత్రాన్ని శానాసేపు తిప్పి చూసి, “వంతెనలు కట్టేటోడా?” అన్నాడు. మా చేని బావి మెట్లు జేజినాయనే కట్టినాడంట, నాకు ఇన్నాళ్లూ చెప్పనేలేదు. ఇప్పుడు నంబరులో నాలుగో అంకె మూడో ఎనిమిదో తేలడం లేదు. ఇద్దరం భూతద్దం పట్టుకొని కూర్చున్నాం.

రిటైర్డ్ హవల్దార్, కర్నూలు
రెండు నంబర్లూ రాయి. ఆయన తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా కూడా రాయి. ఇంక చింతపండు మాత్రం పెట్టొద్దు.