రెండో తరగతి పిల్లలకు హౌస్ పాయింట్లు కావాలా?

కొర్లగుంట అమ్మ:
మా పాప తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి. ఈ సంవత్సరం ఒకటో తరగతి నుంచే పిల్లల్ని హౌస్‌లని నాలుగు జట్లు చేశారు: శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి. ఏడుకొండల పేర్లని నాకూ సంతోషమేసింది. పాపది నీలాద్రి, శనివారం నీలం టీషర్టు.

రెండు వారాల కింద డైరీ మర్చిపోయింది. హౌస్‌కి 5 పాయింట్లు కోత. ఇంటర్వెల్‌లో సొంత హౌస్ పిల్లలే చుట్టూ చేరి "నీ వల్లే మనం లాస్టు" అన్నారంట. ఆ శనివారం టీషర్టు తిరగేసి తొడుక్కుంది, ముద్ర కనపడకుండా. సరిచెయ్యబోతే అంచు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. ఏడేళ్ల బిడ్డ. డైరీ బ్యాగులో పెట్టాల్సింది నేను. ఈ వయసుకి ఇవి అవసరమా?

పీఈటీ, చంద్రగిరి:
బిడ్డ బాధ అర్థమైందమ్మా. అయితే ఆటల సారుగా హౌస్‌లు లేని స్కూల్లో కూడా పనిచేసినాను. బాగా పరిగెత్తే నలుగురే ఎప్పుడూ గ్రౌండులో ఉంటారు, మిగతా పిలకాయలు చెట్టు కింద కూర్చుంటారు. హౌస్ ఉంటే ఖోఖోకి 9 మంది దిగాల. ఆడరాని పిల్లని కూడా చెయ్యి పట్టుకుని లాక్కొస్తారు. పాయింట్లు లేకుంటే ఆ ఊపు రాదు.

నవోదయ పాత విద్యార్థి:
సార్ మాట కాదనను. మా నవోదయలో ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. మాకు హౌస్ అంటే పడుకునే చోటు. ఆరో తరగతిలో చేరిన మొదటి రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తా ఉంటే, ఎనిమిదో తరగతి అన్న వచ్చి నా ట్రంకుపెట్టె మీద కూర్చుని ఏ ఊరని అడిగినాడు. పలమనేరంటే, మాది బంగారుపాళ్యమే అన్నాడు. తెల్లారి నా బకెట్ కూడా ఆయనే లైన్లో పెట్టినాడు. అప్పటికి నేను హౌస్‌కి ఒక్క పాయింటు తెచ్చిందీ లేదు.

ఇంగ్లండు బోర్డింగ్ స్కూళ్లలో కూడా హౌస్ అంటే మొదట పిల్లలు ఉండే ఇల్లే. సాయంత్రం ఇంటికి పోయే పిల్లల బడికి వచ్చేసరికి ఇల్లు పోయి, రంగూ పట్టికా మిగిలినాయి.

చిత్తూరు టీచరమ్మ:
పీఈటీ సార్, ఆటల సంగతి ఒప్పుకుంటా. డైరీకి, గోళ్లకి, లేటుకి కోత దేనికండీ? గోళ్లు తీసేది అమ్మ. లేటయ్యేది ఆటో. ఆ తప్పు హౌస్ మొత్తం నెత్తిన వేస్తే, టీచరు నోరెత్తకపోయినా శిక్ష పడిపోతుంది, అదీ తోటి పిల్లల చేత. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడంతో పాటు మానసిక వేధింపునీ నిషేధించింది. మనం వేధించలేదు, పిల్లలే అన్నారు అని తప్పుకోగలమా?

1954లో అమెరికాలో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు 22 మంది మగపిల్లల్ని ఒక క్యాంపులో రెండు జట్లు చేసి పోటీలు పెట్టాడు. కొన్నాళ్లకే ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకునే దాకా వచ్చింది. ఒకచోట కూర్చోబెట్టి అన్నం పెట్టినా తగ్గలేదు. నీళ్లు ఆగిపోయి అందరూ కలిసి బాగుచెయ్యాల్సి వచ్చినప్పుడు మెత్తబడ్డారు. వాళ్లు పదకొండేళ్ల వాళ్లు. మనవాళ్లు ఏడేళ్లు.

మా బడిలో కోతలు తీసేశాం. ఒకటో తరగతి పిల్లలకి తలా ఒక ఐదో తరగతి అక్కో అన్నో. మధ్యాహ్నం భోజనం లైనుకి తీసుకుపోవడం, పళ్లెం కడిగించడం వాళ్ల పని. అందరూ బాగా చేస్తారని చెప్పను, విసుక్కునేవాళ్లూ ఉన్నారు. ఒకరోజు ఐదో తరగతి పిల్ల రాలేదు. వాళ్ల బుడ్డోడు పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మా అక్క రాలా" అంటాడు, లోపలికి రాడు. హౌస్ అంటే నాకు అదే.

పీఈటీ, చంద్రగిరి:
కోతలు తీసెయ్యమంటే నేనూ మీ పక్కే మేడమ్. ఆటల పాయింట్లు మాత్రం వదలను.

కొర్లగుంట అమ్మ:
అందరికీ దండాలు. ఇందాక పాపని అడిగినా, మీ హౌస్‌లో పెద్ద క్లాసు అక్కలెవరైనా తెలుసా అని. ఒక్కరి పేరూ తెలీదంట. హౌస్‌కి ఎన్ని పాయింట్లున్నాయంటే మాత్రం టక్కున చెప్పింది, 42 అని. సోమవారం హెడ్‌మాస్టరు దగ్గరికి పోతా ఉన్నా. ముందు ఈ మాటే చెప్తా.